సామాన్ల గదిలో అరవైమంది

ఆ ఎండాకాలం మా అక్క మైదానం పోయింది. పోగొట్టింది పరాయివాళ్లెవరో కాదు, ఆమె వండిపెడితే తింటూ కూర్చున్న నేనే.

అక్క కాలేజీలో పరుగుల కోచ్. ఆమె చేతి కింద ఉన్నది ఒక మట్టి ట్రాక్, దాని పక్కన మెట్ల గ్యాలరీ, గ్యాలరీ కింద సామాన్ల గది. పదిహేడేళ్లుగా సాయంత్రం ఐదున్నరయ్యేసరికి ఆమె అక్కడ ఉండాల్సిందే. పిల్లలు ఆమెకు ఉరుము అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. "అది పరుగా, బస్సు తప్పిపోయినవాడి నడకా?" అని ఈ మూల నుంచి అరిస్తే, ఆ మూల ఉన్నవాడు తననే అనుకుని వేగం పెంచేవాడు. ఆమె చేత తిట్లు పడలేదని ఏడుస్తూ ఇంటికి వెళ్లిన పిల్లలున్నారు. అక్క తిట్టడం మానేసిందంటే ఆ పిల్ల మీద ఆశ వదిలేసుకుందని అందరికీ తెలుసు.

అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్నది నేను. ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది, చదివించింది, పరిగెత్తించింది. నాలుగేళ్ల కిందట ఆ ట్రాక్ మలుపులోనే పడ్డాను. మోకాలిలో ఏదో పుటుక్కుమన్న చప్పుడు నాకొక్కదానికే వినిపించింది. రెండు ఆపరేషన్ల తరువాత డాక్టరు, "నడవొచ్చు, మెల్లిగా నాలుగు అడుగులు పరిగెత్తినా పరవాలేదు. పందేల మాట మాత్రం మరిచిపో" అన్నాడు.

ఆ రోజు నుంచి అక్క నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మెట్లు మెల్లిగా దిగు చిన్నీ." "బకెట్టు నువ్వెత్తకు, నేనొస్తున్నా." గ్లాసు పగలగొట్టినా పోనీలే, జీతం తెచ్చిన రోజే పర్సు పారేసుకున్నా పోనీలే. ఇది కూడా ఒక కష్టమేనా అని మీరు నవ్వుకోవచ్చు. ఆమె తిట్ల కోసం నేను నాలుగేళ్లు మొహం వాచిపోయాను. ఇంట్లో ఆమె ట్రాక్ ఊసెత్తేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. ఆఫీసుకు దగ్గరి దారి ఆ కాలేజీ గోడ పక్కనుంచే ఉన్నా, రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని.

మా ఆఫీసులో పని చుక్కలు లెక్కపెట్టడం. జనం జేబుల్లో ఫోన్లుంటాయి. వాటిలోని యాప్‌లు ఆ ఫోను ఎక్కడుందో నిమిషనిమిషానికీ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటాయి. నోట్లో నువ్వుగింజ నానని మనిషైనా నయం, ఫోనుకన్నా. పేర్లు తీసేసిన ఆ సమాచారాన్ని మేం తెచ్చుకుని మ్యాప్ మీద పరుస్తాం. ఒక ఫోను ఒక చుక్క. ఏ దుకాణం ముందు ఎంతమంది ఆగారో, ఏ పార్కులోకి ఎవరూ అడుగుపెట్టడం లేదో చూసి రిపోర్టు రాస్తాం.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. "కాలేజీ క్రీడా విభాగంవాళ్ల పని. ఆరు ఆట స్థలాలున్నాయి. ఒకదాన్ని తీసేసి అక్కడ ఏసీ వ్యాయామ భవనం కడతారట. ఏది అందరికన్నా తక్కువ వాడుతున్నారో మనం చెప్పాలి."

కాలేజీ పేరు చదివి చెప్పాను, "సార్, మా అక్క అక్కడే పనిచేస్తుంది."

"చుక్కలకు అక్కాచెల్లెళ్లుండరమ్మా. పేర్లు లేవు కదా. ఇంట్లో మాత్రం నోరు విప్పకు."

ఈ పని వద్దని చెప్పాల్సింది. చేతకాలేదు. కాలు పెట్టలేని చోటును కనీసం కళ్లతోనైనా చూడొచ్చని ఆశ పుట్టింది. సీటుకు వచ్చి మ్యాప్ తెరిచి అన్నిటికన్నా ముందు ట్రాక్ దగ్గరికే వెళ్లాను. పైనుంచి తీసిన ఫొటోలో అది కోడిగుడ్డులా, ఎర్రగా ఉంది. నేను పడ్డ మలుపు కూడా గుర్తుపట్టాను. మూడు నెలల చుక్కలు దాని మీద పరిచాను.

ఈతకొలను నిండిపోయింది. బాస్కెట్‌బాల్ కోర్టు మీద చుక్కలు చీమల్లా మూగాయి. ట్రాక్ మీద ఒక్కటీ లేదు. మళ్లీ చూశాను. ఐదున్నరకు చుక్కలు గేటులోంచి వస్తున్నాయి, నేరుగా గ్యాలరీ కింది సామాన్ల గదిలోకి వెళ్తున్నాయి, ఏడు దాకా కదలకుండా కూర్చుని ఇంటికి పోతున్నాయి. రోజుకు అరవైకి తక్కువ లేవు.

అప్పుడు నాకు కలిగిన ఆలోచన ఇవాళ చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నేను పోయాక ఆ ట్రాక్ పాడుబడిపోయిందన్నమాట, అనుకున్నాను. అక్క ఒంటరిగా అక్కడికి వెళ్లి, పరిగెత్తేవాళ్లు లేక, ఉత్త చేతులతో తిరిగొస్తోందనుకున్నాను. జాలి కలగాల్సిన చోట కాస్త తృప్తి కూడా కలిగింది. ఆమె రోజూ బొంగురుపోయిన గొంతుతో ఇంటికి వస్తుందని నాకు తెలుసు. ట్రాక్ మీద ఎవరూ లేకపోతే ఎవరిమీద అరిచి గొంతు పోగొట్టుకుంటోందీ అని మాత్రం ఆలోచించలేదు. ఆలోచించడానికి ఇష్టపడలేదు అంటే ఇంకా నిజం.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. రిపోర్టు రాసేముందు ప్రతి చోటుకూ ఒక్కసారైనా స్వయంగా వెళ్లి చూడాలి. చూశామని ఫారంలో గడి గడికీ టిక్కు పెట్టాలి. అక్క ఇంట్లో ఉండే ఉదయం వేళల్లో చూసుకుని ఐదు చోట్లకూ వెళ్లాను. ఆరోచోటైన ట్రాక్ గేటు దాకా వెళ్లి, గోడ అవతల ఎర్రమట్టి వాసన తగిలేసరికి వెనక్కి తిరిగాను. ఆఫీసుకు వచ్చి ఆరో గడిలో కూడా టిక్కు పెట్టేశాను.

రిపోర్టు పంపిన పన్నెండో రోజు సాయంత్రం అక్క కాలేజీవాళ్లిచ్చిన ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది. భోజనాల బల్ల మీద నా కంచం పక్కన పడేసింది.

"చదివి పెట్టవే, కాస్త నవ్వుకుందాం. నేను పిల్లల చేత ప్రాక్టీసు చేయించడం లేదట. రోజూ అరవైమందిని సామాన్ల గదిలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పిస్తున్నానట. ఆ గదిలో అరవైమంది! హర్డిల్సు పక్కకి జరిపితే గాని నేనే పట్టను."

చదివాను. 'గ్యాలరీ కింది గదిలో ప్రతి సాయంత్రం కనీసం అరవైమంది విద్యార్థులు కాలక్షేపం చేస్తున్నారు. ట్రాక్ వినియోగం దాదాపు శూన్యం.' మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నేను రాసిన మాటలే. దాని కింద, ట్రాక్ స్థలాన్ని కొత్త భవనానికి కేటాయించినట్టు ఇంకో వాక్యం ఉంది.

"ఆ కింది వాక్యం చూడలేదా అక్కా?"

"చూశా లే. దాని సంగతి రేపు వెళ్లి మాట్లాడతా. ముందు ఈ అరవైమంది ఎవరో తేలాలి కదా."

"ఆ గదిలో ఏమేం ఉన్నాయి?"

"ఏముంటాయి? హర్డిల్సు, సున్నం బస్తాలు, తాళ్లు, ఫోన్ల పెట్టె."

"ఫోన్ల పెట్టేమిటి?"

అక్క నీళ్ల గ్లాసు ఎత్తింది గాని తాగలేదు. "ట్రాక్ మీదికి ఎవరూ ఫోను తేకూడదని రూలు పెట్టా. వచ్చీ రాగానే అందరూ అందులో పడెయ్యాలి. నాది కూడా అందులోనే."

"ఎప్పట్నించి?"

"అయింది లే, నాలుగేళ్లు."

నేను పడ్డ రోజు నా చేతిలో ఫోను ఉంది. ఆ సాయంత్రం అక్క స్టాప్‌వాచ్ పాడైంది, "ఇవాళ్టికి నీ ఫోన్లోనే చూసుకో" అంది. రెండో చుట్టులో టైము చూసుకుంటూ మలుపు దగ్గర లోపలి గట్టు మీద కాలేశాను. ఆ మాట ఆ తరువాత మేమిద్దరం ఒక్కసారి కూడా పైకి అనుకోలేదు.

చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను. "అక్కా, ఈ వాక్యం రాసింది నేను" అన్నాను.

చుక్కల సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడ్డుపడింది. "అంటే పిల్లలు పరిగెడుతున్నంతసేపూ మీ కంప్యూటరుకి పెట్టెలో ఫోన్లే కనబడ్డాయన్నమాట."

"అంతే."

"మరి వచ్చి చూడాలన్నావుగా మీ పద్ధతి?"

"రాలేదక్కా. వచ్చానని రాశాను."

కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు ఉరుముతుందనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ భయంలో కూడా ఎక్కడో ఎదురుచూశాను.

"పోనీలే," అంది అక్క. "నీకు అక్కడికి రావడం కష్టం కదా. ఇవాళ మోకాలు నొప్పి చేసిందా?"

"తిట్టక్కా."

"ఎందుకు తిట్టడం?" అని కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పంపు నీళ్ల చప్పుడు చాలాసేపు వినబడింది.

మర్నాడు సాయంత్రం నేను చుట్టు తిరగలేదు. గేటులోంచి లోపలికి వెళ్లాను. సామాన్ల గది గుమ్మంలో పాత రేకు పెట్టె, మూత తెరిచి ఉంది. పిల్లలు వరసగా వచ్చి ఫోన్లు అందులో వేసి, బూట్ల తాళ్లు బిగించుకుని ట్రాక్ మీదికి పోతున్నారు. అక్క నన్ను చూసింది. ఒక పిల్లను పంపి నీడలో కుర్చీ వేయించింది, కాలు చాపుకోవడానికి ఇంకో చిన్న బల్ల కూడా తెప్పించింది. ఆసుపత్రిలో చూడ్డానికి వచ్చినవాళ్లకు కూడా అంత మర్యాద జరగదు.

పది రోజులు ఆ కుర్చీలో కూర్చుని కాగితం మీద గీతలు పెట్టి మనుషుల్ని లెక్కపెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మొదటి రోజు అరవైమూడు మంది, తరువాత అరవై, అరవైఆరు. లెక్క తేలిక, కూర్చోవడమే కష్టం. పిల్లలు నా ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోతుంటే నా తొడ కండరాలు వాటంతటవే బిగుసుకునేవి. ఎనిమిది వందల మీటర్ల పిల్ల ఒకతి ఉండేది, సన్నగా, మొండిగా. అక్క ఆ పిల్లను ఉతికి ఆరేసేది. "చివరి వంద మీటర్లకి ఊపిరి దాచుకోమంటే దాచుకుని ఇంటికి పట్టుకెళ్తావా?" ఆ పిల్ల పళ్లు బిగించి ఇంకా గట్టిగా పరిగెత్తేది. ఆ తిట్లన్నీ ఒకప్పుడు నావి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు గాని, అసూయ లేదంటే మాత్రం అబద్ధమే.

కొత్త లెక్క తీసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లి ఆరో గడి సంగతి ఒప్పుకున్నాను. ఆయన అరగంట ఆపకుండా తిట్టాడు. బాగానే తిట్టాడు గాని ఆ తిట్లతో నాకు కడుపు నిండలేదు. చివరికి తనే నన్ను వెంటబెట్టుకుని క్రీడా విభాగం అధ్యక్షుడి దగ్గరికి తీసుకెళ్లాడు. నడివేసవిలో కూడా టై కట్టే మనిషి కాబట్టి అక్క ఆయన్ని ఇంట్లో టై సారు అనేది.

ఆయన రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "మొదట మిషను సున్నా అంది. ఇప్పుడు మీరు అరవైమూడంటున్నారు. ఏది నమ్మమంటారమ్మా?"

"మనుషుల్ని నమ్మండి సార్. ఇవాళ సాయంత్రం ఒక్కసారి వచ్చి చూడండి."

"వచ్చి చూడ్డానికి తీరిక లేకే కదమ్మా మీకు పని అప్పగించింది." ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. "మీ మొదటి రిపోర్టు మీదే పై వాళ్లందరూ సంతకాలు చేసేశారు. వచ్చే నెల మొదట్లో తవ్వకం. ఇప్పుడు మళ్లీ మొదటికొస్తే నా మాట ఎవరూ వినరు. కొత్త భవనంలో పరుగు యంత్రాలు ఇరవై పెడుతున్నాం. ఎండావానా బాధ లేదు. మీ అక్కగారినే ఇన్‌ఛార్జిగా వేస్తాం."

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. "నిలబడ్డ చోటే పరిగెత్తేవాళ్లని ఏమని తిట్టనే?" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

వారం తిరక్కుండా వేరే ఊళ్లో ఒక హాస్టల్ బడికి ఉత్తరం రాసింది. అక్కడ పెద్ద మైదానం ఉందట, ఉదయమూ సాయంత్రమూ పిల్లలు దొరుకుతారట. రమ్మని కబురొచ్చింది. కాలేజీ పిల్లల్లో సగంమంది ఊరి అవతల ఇంకో ట్రాక్‌కు బస్సులో వెళ్లడం మొదలుపెట్టారు. ఆ సన్నటి పిల్ల ఇల్లు ఇటు చివర కావడంతో మానేసింది. మానేసిందని తెలిసిన రోజు నేను ఆఫీసులో బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అక్క ఆ రోజు కూడా నన్నేమీ అనలేదు. ఇద్దరం కలిసి ఆమె బట్టలు పెట్టెలో సర్దాం. పదిహేను రోజులపాటు ఇంట్లో "ఇది నీదా, నాదా" అన్న మాటలే ఎక్కువ వినబడ్డాయి. నా ఉద్యోగం ఇక్కడ, ఆమెది అక్కడ. మొట్టమొదటిసారి వేర్వేరు ఇళ్లల్లో బతకబోతున్నాం. నన్ను విడిచి వెళ్తున్నందుకు ఆమె బాధపడుతోందని తెలుస్తూనే ఉంది. అయినా నేను పోగొట్టిన చోటు గురించి మాత్రం మా మధ్య మాట లేదు. కోపంతోనైనా సరే ఒక మాట అనేసి వెళ్తే బాగుండునని లోలోపల కొట్టుకులాడాను.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం, "గది తాళం ఇచ్చెయ్యాలి, తోడొస్తావా?" అంది.

ట్రాక్ చుట్టూ అప్పటికే రేకులు పాతేశారు. పిల్లలెవరూ లేరు. సామాన్ల గది ఖాళీ అయిపోయి, ఆ రేకు పెట్టె ఒక్కటీ మిగిలింది. అక్క అలవాటు కొద్దీ మూత తీసి తన ఫోను అందులో వేసింది. వేసి, నావైపు చూసింది.

"నాక్కూడానా?"

"రూలు రూలే."

నా ఫోను కూడా వేశాను. ఆ సాయంత్రం మేం ఎక్కడున్నామని ఏ మ్యాపును అడిగినా గదిలో కూర్చున్నారనే చెబుతుంది. ఇద్దరం ట్రాక్ మీదికి నడిచాం. నాలుగేళ్ల తరువాత ఆ మట్టి నా కాళ్ల కింద మెత్తగా నలిగింది. సగం చుట్టు అయ్యాక మలుపు దగ్గర అక్క ఆగింది.

"ఫోన్లో చూసుకోమని నేనే అన్నా ఆ రోజు," అంది, గట్టువైపు చూస్తూ.

"తెలుసక్కా. అందుకేనా నన్ను ఒక్క మాట అనకుండా ఊరుకున్నావు?"

"నోరు రాలేదే. నిన్ను ఏమన్నా అందామని నోరు తెరిస్తే చాలు, నువ్వు ఇక్కడ కాలు పట్టుకుని పడున్నదే కనబడేది."

"నాకు మోకాలు ఆపరేషన్లతో తగ్గింది. నువ్వు ఊరుకున్నావే, అది తగ్గలేదు. నామీద ఆశ వదిలేసుకున్నావనుకున్నాను." నేనూ గట్టువైపు తిరిగాను. "నీ మైదానం పోగొట్టినా తిట్టలేదు నువ్వు. అంతకన్నా నన్ను కొట్టి ఉంటే బాగుండేది."

అక్క చీకటి పడకముందే తాళం ఇవ్వాలని గుర్తొచ్చినట్టు గేటువైపు చూసింది. రేపు ఈపాటికి ఆమె వేరే ఊళ్లో ఉంటుంది. నేను చెప్పులు విడిచి గట్టు పక్కన పెట్టాను. ఎందుకని అడుగుతుందని, వద్దంటుందని ఒక క్షణం చూశాను. తరువాత పరిగెత్తడం మొదలుపెట్టాను.

పరుగు అనడం ఎక్కువే. బరువైన నడకకు కాస్త పైన. మోకాలు మొదటి అడుగుకే మూలిగింది, నాలుగో అడుగుకు భయం ఒళ్లంతా పాకింది. ఏ క్షణాన్నైనా వెనకనుంచి "మెల్లిగా చిన్నీ" అని వినబడుతుందనుకున్నాను. ఆ మాట వింటే ఆగిపోయేదాన్ని, మళ్లీ ఎప్పుడూ పరిగెత్తేదాన్ని కాదేమో. పది అడుగులు వేశాను, పదిహేను వేశాను. వెనక ఏ చప్పుడూ లేదు.

"ఏమే!"

గ్యాలరీ మీద పావురాలు గుప్పున లేచిపోయాయి.

"భుజాలు చెవులకి తగిలించుకుని పరిగెడుతున్నావేం? అవేమన్నా కమ్మలా? నాలుగేళ్లు కూర్చుని తిన్న తిండంతా ఎక్కడికి పోయింది? దించు! దించవే మొద్దూ!"

అక్క గొంతు చివర్లో చీలిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు, పరిగెత్తేటప్పుడు వెనక్కి చూస్తే ఆమె ఊరుకోదు. కళ్ల నిండా నీళ్లు, ఎదర ట్రాక్ సరిగ్గా కనబడటం లేదు. భుజాలు దించి పరిగెత్తాను.